లిఫ్ట్ కిట్ లేకుండా పికప్‌కు పెద్ద టైర్లు పడతాయా?

నా పికప్ ట్రక్కుకు ఇప్పుడు 265/70 ఆర్17 టైర్లున్నాయి. వాటి స్థానంలో 285/70 ఆర్17 వేయాలని ఉంది. లిఫ్ట్ కిట్ మాత్రం వద్దు. బండి ఎత్తు పెరిగితే మలుపుల్లో ఒరుగుతుంది, సరుకు ఎక్కించడమూ కష్టమే.

లెక్క వేసి చూశాను. టైరు వ్యాసం 28 మిల్లీమీటర్లు పెరుగుతుంది, అంటే బండి లేచేది 14 మిల్లీమీటర్లే. వెడల్పు 20 మిల్లీమీటర్లు ఎక్కువ. స్పీడోమీటరు 100 చూపినప్పుడు అసలు వేగం 103 దాటుతుంది; దాన్ని సరిచేయించుకోవచ్చు. నా బెంగంతా ముందు చక్రాల గురించే. స్టీరింగ్ పూర్తిగా తిప్పి వెనక్కి తీసేటప్పుడు టైరు అంచు లోపలి ప్లాస్టిక్ లైనర్‌కో, బంపర్ మూలకో, ఛాసిస్‌కో రాసుకుంటుందేమో! బండి నిలిపి ఉన్నప్పుడు ఖాళీ కనిపించినా, గుంతలో సస్పెన్షన్ అణిగితే అది మిగలదు కదా.

ఇలా మార్చుకున్నవారు దయచేసి చెప్పండి. లైనర్‌ను కొంచెం కోసి, వేడి చేసి వెనక్కి నొక్కితే సరిపోయిందా? పాత రిమ్ములే ఉంచారా, ఆఫ్‌సెట్ (రిమ్ము మధ్యరేఖకూ, దాన్ని బండికి బిగించే తలానికీ మధ్య దూరం) తక్కువున్నవి వేశారా? ఆఫ్‌సెట్ తగ్గితే లోపల ఛాసిస్‌కు తగలదు గానీ, చక్రం బయటికి జరిగి బంపర్‌కు తగులుతుందని నా అనుమానం. నిండు బరువుతో నడిపినవారి అనుభవం నాకు మరీ ముఖ్యం.