సదరం క్యాంపుకు ముందు గోలీలు బంద్ చేయాలా?

మూసీగట్టు (ప్రశ్న)
స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు ఉన్న మనిషిని సదరం క్యాంపుకు (వికలాంగుల సర్టిఫికెట్ ఇచ్చేది) తీస్కపోయే ముందు పది రోజులు గోలీలు ఆపితే వైకల్యం పర్సెంటేజ్ ఎక్కువొస్తదని నల్లగొండ దిక్కు చానామంది అంటున్నరు. 40 శాతం ఉంటేనే 4016 రూపాయల పింఛను. ఆపొచ్చా?

కృష్ణాతీరం
ఆపొద్దు. ఆపినా మార్కులు పెరగవు. మానసిక వ్యాధికి శాతం లెక్కగట్టేది ఐడియాస్ స్కేలుతోని. అందులో కేకలు, అనుమానాలు, చెవిలో మాటలకు వేరే గడి లేదు. చూసేవి నాలుగు: తన ఒళ్లు తాను చూసుకునుడు, నలుగురితో మెలుగుడు, మాట అర్థం చేసుకొని చెప్పుడు, పని. ఒక్కోదానికి 0 నుంచి 4, ఇబ్బంది ఎక్కువుంటే మార్కు ఎక్కువ. వాటికి జబ్బు కాలం కలుపుతరు: రెండేండ్ల లోపు 1, 2–5 ఏండ్లు 2, 6–10 ఏండ్లు 3, పదేండ్లు దాటితే 4. మొత్తం 7 వస్తే 40 శాతం గీత దాటినట్టే. 7–13 అంటే 40–70 శాతం.
ఎనిమిదేండ్ల జబ్బు, గోలీలు రోజూ వేసుకుంటడు అనుకోండి. ఒళ్లు 1, మనుషులు 2, మాట 1, పని 3. ఏడు. కాలం 3 కలిస్తే పది.

పాలమూరు_పోరు
అన్నా, కాగితం మీద నిజమే. క్యాంపుల ఒక్కొక్కరికి దొరికేది కొన్ని నిమిషాలు. తానం చేసి ఇస్త్రీ అంగి తొడుక్కొని వచ్చినోడు ‘ఏ ఊరు, ఇయ్యాల ఏ వారం’ అంటే టకటకా చెప్తడు. మంచిగనే ఉన్నడు గదా అంటరు డాక్టర్లు. బాగుపడ్డోనికి పింఛను రాదంటే ఇంటోళ్లు ఏం చేస్తరు?

తెల్లకోటు
పోరు గారి బాధ సరైనదే, దారి మాత్రం ప్రమాదం. స్కిజోఫ్రీనియాకు వాడే క్లోజపిన్ గోలీ 48 గంటలకు మించి ఆగితే పాత మోతాదు నేరుగా మొదలుపెట్టకూడదు, 12.5 మిల్లీగ్రాముల నుంచి మళ్లీ మెల్లగా పెంచుకుంటూ రావాలి. ఉన్మాదం రాకుండా వాడే లిథియం ఒక్కసారిగా ఆపితే ఉన్మాదం తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. ఫ్లూఫెనజిన్ డెకనోయేట్ సూది మీద ఉన్నవాళ్లకు పది రోజుల్లో ఏమీ తేలదు, ఆ సూది వారాల తరబడి పనిచేస్తుంది. జబ్బు తిరగబడేది క్యాంపు అయిపోయాక, అర్ధరాత్రి ఇంట్లో. అప్పుడు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి బండి మాట్లాడుకోవాల్సింది మీరే.

కృష్ణాతీరం
కొన్ని నిమిషాలే కాబట్టి నోటుబుక్ పెట్టుకొని పోవాలె. నెల రోజులు, రోజుకు రెండు వరుసలు. ‘లేచింది 11కు. తానం మూడుసార్లు చెప్తే. పళ్లెం ముందు పెడితేనే తిన్నడు. బర్రెకు గడ్డి వేయమంటే సగం వేసి కూసున్నడు.’ గిట్లుండాలె. ‘చాలా ఇబ్బంది’ అని రాస్తే మార్కు పడదు. మాట్లాడేది రోజూ ఒకే ఇంట్ల ఉండే తల్లో, భార్యో కావాలె. పట్నం నుంచి తోలుకొచ్చిన బాబాయికి తానం సంగతి ఏం తెలుస్తది?
ఇంకొకటి. దరఖాస్తు పెట్టేటప్పుడు మెంటల్ ఇల్‌నెస్, ఇంటలెక్చువల్ డిజేబిలిటీ అని రెండు వేర్వేరు గడులుంటయి. రెండోది పుట్టుకతోనో, చిన్నప్పటి నుంచో ఉండే బుద్ధిమాంద్యానికి. అది నొక్కితే ఐక్యూ పరీక్షకు పంపుతరు, ఒక తిరుగుడు దండగ.

దేవరకొండక్క
ఆడవాళ్ల విషయంలో పని మార్కు ఎక్కువసార్లు పోతుంది. ‘ఉద్యోగం లేదు’ అని చెప్పి ఊరుకుంటారు. ఇంటి పనే ఆమె పనిగా లెక్కించాలి. ‘వంట చేస్తుందా’ అంటే ‘చేస్తుంది’ అనకండి. వారంలో ఎన్నిసార్లు, పొయ్యి ఆర్పడం ఎవరు చూస్తున్నారు, ఉప్పు రెండుసార్లు వేస్తుందా, అది చెప్పండి. పెంచి చెప్పమనడం లేదు, ఉన్నది దాచొద్దంటున్నాను. మన ఇళ్లల్లో పరువు కోసం దాచడమే ఎక్కువ.

పాలమూరు_పోరు
ఒప్పుకుంటున్న. కానీ సర్టిఫికెట్ మీద తాత్కాలికం అని రాసిస్తే? రెండోసారికి మనిషి ఇంకింత కోలుకుంటే పింఛను తీసేస్తరు గదా. నా గొడవ అక్కడనే.

తెల్లకోటు
ఆ అన్యాయం ఉంది, కాదనను. నాలుగింటిలోనూ 1 చొప్పున వచ్చి, జబ్బు మూడేళ్లదైతే మొత్తం 6. ఒక్క మార్కుతో పోతుంది. అదే మనిషికి పదేళ్లు దాటితే కాలానికే 4, నాలుగింటిలో కలిపి 3 వచ్చినా గీత అందుతుంది. అందుకే జబ్బు ఎప్పటిదో చూపించే మొదటి ఓపీ చిట్టీ పారేయకండి. పోతే ఆ ఆసుపత్రిలో ఓపీ నంబరుతో పాత రికార్డు నకలు అడగండి. శాతం తప్పుగా వేశారనిపిస్తే 2016 వికలాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్ కింద అప్పీలు ఉంది. నోటుబుక్ నకలు దానికీ జతచేయండి.

మూసీగట్టు
గోలీలు ఆపం. నోటుబుక్ ఇయ్యాలటి నుంచే మొదలు. పాత చిట్టీల సంచి అటక మీద ఉంది, దించుతున్నం.