దారియో పాదంలో "ఆఊన్": ఒక అక్షరమా, రెండా?

పద్యపిపాసి: నికరాగువా కవి రూబెన్ దారియో అప్పటి అమెరికా సంయుక్త రాష్ట్రాల అధ్యక్షుణ్ణి ఉద్దేశించి స్పానిష్‌లో రాసిన "రూజ్‌వెల్ట్‌కు" కవితలో ఒక పాదం నిన్నటి నుంచి వదలడం లేదు. "కె ఆఊన్ రెసా ఆ హెసుక్రీస్తో, ఇ ఆఊన్ ఆబ్లా ఎన్ ఎస్పన్యోల్". ఇంకా యేసుక్రీస్తును ప్రార్థించే, ఇంకా స్పానిష్ మాట్లాడే అమెరికా. ఇదీ, మనం లాటిన్ అమెరికా అనేదీ ఒకటేనా? పోర్చుగీసు మాట్లాడే బ్రెజిల్, ఫ్రెంచి హైతీ ఇందులో ఎక్కడ?

ఛందోదాసు: ముందు "ఆఊన్" తేల్చండి. పాదం ఏడూ ఏడు అక్షరాలుగా విరుగుతుంది. "ఆ-ఊన్" అని విడదీస్తే మొదటి సగమే ఎనిమిది. కలిపి ఒక్క అక్షరంగానే పలకాలి. అలా పలికితే దాని అర్థం "సైతం", "ఇంకా" కాదు. అజ్టెక్ రాజు మొక్తెసుమా దేవుళ్ళతో పాటు క్రీస్తును సైతం కొలిచే అమెరికా అన్నమాట!

గట్టుమీద: దాసు గారూ, క్రియకు ముందు వచ్చిన "ఆఊన్"ను కలిపి పలకడం వాళ్ళకు మామూలే, అర్థం మారదు. పనామాను కొలంబియా నుంచి 1903లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వ అండతో విడదీశారు, కవిత 1904లో రాశాడు. బెంగంతా ఆ "ఇంకా"లోనే ఉంది. తన మరో కవిత "హంసలు"లో అడగలేదా, ఇన్ని లక్షల మందిమీ ఇంగ్లీషే మాట్లాడతామా అని?

పాతపుస్తకం: పిపాసి గారూ, ఆ కవితలో ఆయన అన్నది "కాథలిక్ అమెరికా, స్పానిష్ అమెరికా". "లాటిన్" అన్న విశేషణం 1856 నాటికే ఉంది: పారిస్‌లో చిలీ దేశస్థుడు బిల్బావో ప్రసంగంలో, కొలంబియా కవి తొర్రెస్ కైసెదో "రెండు అమెరికాలు"లో. ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ మెక్సికో మీదికి సైన్యాన్ని పంపినప్పుడు అది ఫ్రెంచివారికి బాగా కలిసొచ్చింది. "స్పానిష్" అంటే వారికి చోటు లేదు, "లాటిన్" అంటే ఉంది. వాళ్ళు గద్దెనెక్కించిన మాక్సిమిలియన్‌ను 1867లో కాల్చిచంపారు. పేరు మాత్రం నిలబడిపోయింది.

నదీతీరం: భాషే కొలబద్ద అయితే కెనడాలో ఫ్రెంచి మాట్లాడే క్యుబెక్‌ను ఎందుకు కలపరు? పరాగ్వేలో ఆదివాసుల గ్వారానీ కూడా అధికార భాషే. దారియో కూడా ఆ పాదానికి ముందే "ఆదివాసీ రక్తం" అన్నాడు. అది ఎవరికీ గుర్తుండదు.

గట్టుమీద: 1933లో బ్వేనస్ ఐరిస్‌లో కవులు నెరూడా, లోర్కా కలిసి దారియో మీద ప్రసంగించారు. ఒకరు చిలీ, ఒకరు స్పెయిన్. మాట ఒకరు అందిస్తే మరొకరు అందుకుంటూ ఒకే ప్రసంగం! దారియో పేరిట ఈ ఊళ్ళో కూడలి ఏది, విగ్రహం ఏది అని నిలదీశారు.

ఛందోదాసు: బాగుంది. నా ఎనిమిదో అక్షరం మాట?

గట్టుమీద: అదే కవిత చివరి పాదం చూడండి, "ఫాల్తా ఊనా కోసా: దియోస్". అన్నీ ఉన్నాయి మీకు, ఒక్కటే కొరత, దేవుడు. అక్కడ "తా", "ఊ" కలిసిపోలేదా?

ఛందోదాసు: అది రెండు పదాల మధ్య సంధి. ఒకే పదం లోపల చూపించండి, అప్పుడు ఒప్పుకుంటాను.