మొదటిసారి ఆళంది నుంచి పండరికి నడక: కాళ్లు, షుగరు, సంచి, అన్నీ అడుగుతున్నా

ధర్మాబాద్ టైలరమ్మ

అందరికీ నమస్కారం. మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ. నాకు 47 ఏళ్లు, ఇంట్లోనే మిషను కుడతాను. ఈ ఏడు, అంటే 2026లో, తొలి ఏకాదశికి పండరి నడిచి పోవాలని నేనూ మా ఆడపడుచూ గట్టిగా అనుకున్నాం. ఏదో చివరి రెండు రోజులు కాదు, పుణె దగ్గర ఆళందిలో జ్ఞానేశ్వర్ మహారాజ్ పల్లకి లేచిన దగ్గర్నుంచి పండరి దాకా మొత్తం. అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి ఏకాదశి జూలై 25న పడింది, ఇంకా నాలుగు నెలల పైన టైముంది.

ఇంట్లో తలా ఒక మాట చెప్తున్నారు. మా అత్తయ్య చెప్పులు వేసుకుని నడిస్తే అది వారీయే (పండరి యాత్రే) కాదంటుంది. మా మరిది ఖరీదైన స్పోర్ట్స్ షూ కొనిస్తానంటున్నాడు. నాకు ఐదేళ్లుగా షుగరుంది, మాత్రలతో కంట్రోల్‌లోనే ఉంది కానీ ఈమధ్య పాదాలు అప్పుడప్పుడు తిమ్మిరెక్కుతున్నాయి. పొద్దంతా మిషను ముందు కూర్చునేదాన్ని, మార్కెట్‌కి పోయి రావడం తప్ప నడక అలవాటు లేదు. ఎంత ముందు నుంచి నడవడం మొదలుపెట్టాలి, దిండిలో, అంటే కలిసి నడిచే భక్తుల జట్టులో, చేరాలంటే ఎవరిని అడగాలి, ఏమేం తీసుకుపోవాలి, ఆడవాళ్లకు స్నానాలు, బాత్రూమ్‌ల సంగతి ఏంటి, నడిచి వచ్చినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి. భయపెట్టినా ఫర్వాలేదు.

దెగ్లూర్ మాస్టారు

చెల్లెమ్మా, నేను ఆరుసార్లు నడిచాను. మొదటిసారి ఏమీ తెలియకుండా పోయి జేజూరిలోనే ట్రక్కెక్కినవాణ్ణి కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు దూరం సంగతి. మొత్తం సుమారు 250 కిలోమీటర్లు. జ్యేష్ఠ బహుళ అష్టమికి ఆళందిలో లేచి ఆషాఢ శుద్ధ దశమికి పండరి చేరతారు. ఈ లెక్క చూసి అందరూ రోజుకి 13, 14 కిలోమీటర్లే కదా అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. రోజులు సమానంగా ఉండవమ్మా. లోణంద్ నుంచి తరడ్‌గావ్ పోయే రోజు పొద్దున నడక పెద్దగా ఉండదు. అదే పుణె నుంచి సాస్వడ్ పోయే రోజు 30 కిలోమీటర్లు దాటుతుంది, అందులో దివే ఘాట్ ఎక్కాలి. చెట్టూ నీడా లేని రోడ్డు, ముందు వేలమంది, వెనక వేలమంది, మన నడక మన చేతిలో ఉండదు. ఆగాలంటే ఆగలేం, తొందరగా పోవాలన్నా పోలేం. మెల్లగా నిలబడి నిలబడి నడవడం మామూలు నడక కంటే ఎక్కువ అలసట. ఆ రాత్రి సాస్వడ్‌లో పడుకున్నాక పొద్దున లేవాలంటే మోకాళ్లు మడవలేకపోయాను. అదృష్టం ఏంటంటే సాస్వడ్‌లో రెండు రాత్రులు ఆగుతారు, జ్ఞానేశ్వరుల తమ్ముడు సోపాన్‌దేవుడి సమాధి అక్కడే. ఆ ఒక్క రోజు విశ్రాంతిని ఊరు తిరగడానికి వాడొద్దు, కాళ్లు పైకి పెట్టుకుని పడుకోండి. నేను గుళ్లన్నీ తిరిగాను, మర్నాడు జేజూరిలో మన మల్లన్న కొండ కింద కూలబడ్డాను.

కాబట్టి ప్రాక్టీసు అంటే ఒకరోజు 20 కిలోమీటర్లు నడిచి వారం పడుకోవడం కాదు. నడిచిన మర్నాడు మళ్లీ నడవడం అలవాటు కావాలి. ఇప్పటినుంచి రోజూ పొద్దున గంట, నెల తర్వాత గంటన్నర. ఏప్రిల్ నుంచి వారంలో రెండు రోజులు వరసగా, శనివారం 12 అయితే ఆదివారం 12. మే నెలాఖరుకి మూడు రోజులు వరసగా 15 నడవగలిగితే మీకు టెన్షన్ అక్కర్లేదు. మన దగ్గర ఎండలు తెలుసు కదా, ఏడున్నరకల్లా ఇంట్లో ఉండేలా చీకటితోనే బయల్దేరండి, ఇద్దరూ కలిసే వెళ్లండి. మీకు బాసర పక్కనే ఉంది, నడిచి పోయి సరస్వతమ్మ దర్శనం చేసుకుని రైలెక్కి తిరిగి రండి. ఒక చోటికి చేరాలని నడిస్తే మనసు పెట్టి నడుస్తాం, గ్రౌండు చుట్టూ తిరిగితే పదో చుట్టుకే ఇంటికి పోబుద్ధవుతుంది.

ఇక దిండి సంగతి. ఒంటరిగా వెళ్లొద్దు, మొదటిసారి అసలే వద్దు. పల్లకి ఉన్న రథం ముందు కొన్ని దిండ్లు, రథం వెనక చాలా దిండ్లు ఉంటాయి, ప్రతిదానికీ నంబరుంటుంది. మనిషికింత అని ఫీజు కడితే తిండి, టెంటు, నీళ్ల ట్యాంకరు, పెద్ద సంచులు మోసే ట్రక్కు వాళ్లే చూసుకుంటారు. మన నాందేడ్ జిల్లా నుంచి పోయేవాళ్లు చాలామంది ఉన్నారు, మీ ఊరి విఠల్ మందిరంలో హరిపాఠ్ (జ్ఞానేశ్వరుల అభంగాలు) చదివేవాళ్లని అడిగితే ఎవరితో పోవాలో చెప్తారు. డబ్బు కట్టే ముందు పోయినేడు అదే దిండిలో నడిచిన ఆడవాళ్లతో మాట్లాడండి. ఒక టెంటులో ఎంతమంది, ఆడవాళ్లకు వేరే టెంటుందా, కింద పరవడానికి తాటిపత్రి (టార్పాలిన్) ఇస్తారా అని అడగండి. ఒక ఏడాది మాకు దొరికిన దిండిలో టెంటు గుడ్డ చిల్లులు, రాత్రంతా వానలో సంచుల మీద కూర్చున్నాం, పన్నెండు మందికి అని చెప్పి ఇరవై నాలుగు మందిని పెట్టారు. ముందే అడిగి ఉంటే తెలిసేది.

కిన్వట్ సిస్టర్

అక్కా, నేను నర్సుని, రెండుసార్లు వారీ నడిచాను. మీరు రాసినదాంట్లో తిమ్మిర్ల మాట దగ్గరే ఆగిపోయాను. మిగతావన్నీ తర్వాత, ముందు ఈ వారంలోనే డాక్టర్ దగ్గరికి వెళ్లి పాదాల స్పర్శ చూపించుకోండి. షుగరున్నవాళ్లకి పాదంలో స్పర్శ తగ్గితే రాయి గుచ్చుకున్నా తెలియదు, బొబ్బ పగిలినా తెలియదు. మనకి నొప్పి లేదు కాబట్టి నడుస్తూనే ఉంటాం, మూడో రోజుకి అది పుండవుతుంది. వాన, బురద, పేడ తొక్కుతూ నడిచే దారి అది, పుండు మానే వీలుండదు.

కాబట్టి మీ అత్తయ్యగారికి నా మాటగా చెప్పండి, మీరు ఒట్టి కాళ్లతో నడవకూడదు. నేను చూసిన వార్కరీల్లో (వారీ నడిచేవాళ్లలో) ఎక్కువమంది, ముసలివాళ్లతో సహా, చెప్పులతోనే నడుస్తారు. గుడి ముందు, రింగణ్ (దారిలో గుండ్రంగా నిలబడి గుర్రాన్ని పరుగెత్తించే వేడుక) దగ్గర విడుస్తారు. అంతకంటే పట్టింపు నేనెక్కడా చూడలేదు.

షూ కొనేటప్పుడు సాయంత్రం వెళ్లండి, పొద్దంతా తిరిగాక పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది, రోజంతా నడిస్తే ఇంకా ఉబ్బుతుంది. సాక్స్ వేసుకుని కొలత చూడండి, బొటనవేలి ముందు ఒక వేలు వెడల్పు ఖాళీ ఉండాలి. ధర కాదు చూడాల్సింది, మడమ దగ్గర జారకూడదు, వేళ్ల దగ్గర నొక్కకూడదు. మార్చిలోనే కొనేసి ప్రాక్టీసంతా దాంతోనే చేయండి. కొత్త షూతో ఆళంది వెళ్తే పుణె దాటేలోపు మడమలు ఊడతాయి. రెండో జతగా వెనక పట్టీ ఉన్న శాండిల్ ఉండాలి, వానలో షూ తడిస్తే రాత్రికి ఆరదు. హవాయి చెప్పు టెంటు దగ్గరికి మాత్రమే, నల్లరేగడి బురదలో దాని పట్టీ తెగడం ఖాయం.

రోజూ సాయంత్రం టెంటుకి చేరగానే మొదటి పని పాదాలు. టీ తర్వాత తాగొచ్చు. కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడిచి, చిన్న అద్దం పెట్టుకుని అరికాలు చూసుకోండి, లేదా మీరూ మీ ఆడపడుచూ ఒకరి పాదాలు ఒకరు చూడండి. మా దిండిలో ఒక పెద్దాయన అరికాలికి అంగుళం పొడవు తుమ్మ ముల్లు గుచ్చుకుని ఉంది, ఆయనకి తెలియనే తెలియదు, టార్చ్ వేసి నేను తీశాను. ముల్లు చుట్టూ చర్మం తెల్లగా నాని ఉంది, రక్తం కూడా రాలేదు. ఆయనకి పన్నెండేళ్ల షుగరు.

ఎక్కడైనా ఎర్రబడి మండుతుంటే అప్పుడే టేపు వేయండి, బొబ్బ వచ్చేదాకా ఆగొద్దు. మామూలు మనుషులైతే పెద్ద బొబ్బని స్పిరిట్‌తో తుడిచిన సూదితో అంచున పొడిచి నీరు తీసేసి, పై చర్మం అలాగే ఉంచి కట్టు కట్టుకోవచ్చు. మీరు మాత్రం సూది పెట్టకండి, దారి పొడుగునా వైద్య శిబిరాలుంటాయి, అక్కడ చూపించండి. ఉప్పునీళ్లలో కాళ్లు నానబెట్టమని దిండిలో అందరూ చెప్తారు, వేడి నీళ్లలో మీ పాదానికి వేడి తెలియకపోతే కాలుతుంది, మీకొద్దు.

మాత్రల గురించి కూడా అప్పుడే అడగండి. రోజంతా నడిస్తే షుగర్ బాగా పడిపోతుంది, కొందరికి డోసు మార్చాల్సి వస్తుంది, అది డాక్టరే చెప్పాలి. గ్లూకోజు పొట్లం, బెల్లం ముక్క నడుము సంచిలో ఉండాలి, ట్రక్కులో వేసిన సంచిలో కాదు. చెమట పట్టి చేతులు వణుకుతుంటే అక్కడే కూర్చుని తినండి, దిండి వెళ్లిపోతుందని చూడకండి. ఏకాదశి ఉపవాసం గురించీ అడిగి పెట్టుకోండి.

ఆడవాళ్ల సంగతి అడిగారు. స్నానాలు తెల్లవారుజామున మూడు, నాలుగింటికే, ట్యాంకరు దగ్గర. ముదురు రంగు నైటీ మీద పోసుకుని టెంటులో మార్చుకుంటాం. ఇప్పుడు మకాముల దగ్గర మొబైల్ టాయిలెట్లు పెడుతున్నారు, మునుపటి కంటే చాలా నయం, కానీ పొద్దున ఐదు దాటితే పెద్ద క్యూ. బాత్రూమ్‌కి పోవాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేస్తారు మనవాళ్లు, అదే కొంప ముంచుతుంది. చీర కట్టుకుంటే లోపల మోకాళ్ల దాకా కాటన్ లెగ్గింగ్ వేసుకోండి, లేకపోతే తొడలు ఒరుసుకుని రెండో రోజుకే మంట. వ్యాస్‌లిన్ రాసుకోండి. ప్యాడ్లు తేదీ లేకపోయినా పెట్టుకోండి, నడకకి నెల ముందూ వెనకా అవుతుంది.

షోలాపూర్ మగ్గం

అక్కగారూ, మాది షోలాపూర్, పద్మశాలీలం, తాతల నాటి నుంచి చద్దర్లు నేసే ఇల్లు. అలాంటి నేనే చెప్తున్నా, వారీకి షోలాపూర్ చద్దరు తీసుకెళ్లకండి. ఒక్కసారి తడిసిందంటే రెండు రోజులు ఆరదు, బరువు మూడింతలవుతుంది. పలుచటి కాటన్ దుప్పటి ఒకటి, కింద పరవడానికి ప్లాస్టిక్ పట్టా ఒకటి చాలు. రెయిన్‌కోటులో లోపల చెమటతో తడుస్తాం. ఆ దారిలో అందరూ కప్పుకునే పెద్ద ప్లాస్టిక్ కాగితమే మంచిది, మధ్యకి మడిచి ఒక మూల ముడేసి తల మీద వేసుకుంటే వీపు మీద సంచి కూడా మునగదు, గాలి ఆడుతుంది. ఆళందిలోనే అమ్ముతారు.

ట్రక్కులో వేసే సంచి నల్లదో నీలందో వద్దు. రెండు వందల సంచులు ఒకేలా ఉంటాయి, చీకట్లో వానలో వెతకాలి. మీరు టైలరు కదా, ఎర్రటి గుడ్డ పెద్ద ముక్క రెండు వైపులా కుట్టేయండి. లోపల బట్టలు మూడు జతలు మించొద్దు, ఒక్కో జత ఒక్కో పాలిథీన్ కవర్లో మూతి కట్టి పెట్టండి. భుజానికి వేసుకునేది రెండు కిలోలు దాటకూడదు: నీళ్లు, మాత్రలు, ప్లాస్టిక్ కాగితం, పవర్ బ్యాంకు, చిల్లర. బంగారం ఇంట్లోనే. పుణెలో రద్దీలో మెడలోవి తెంపుతారు, పసుపుతాడు కట్టుకుని రండి.

దారిలో అడుగడుగునా ఏదో ఒకటి పెడుతూనే ఉంటారు, అరటిపళ్లు, పోహా, శెంగా (పల్లీ) చిక్కీ, టీ. ప్రేమతో పెట్టేది వద్దనలేం కానీ ప్రతి చోటా తింటే కడుపు చెడుతుంది, మీకు షుగర్ కూడా. చేతిలోకి తీసుకుని దండం పెట్టి వెనక పిల్లలకి ఇచ్చేయండి.

ఫోన్లు పనిచేయవని అనుకునే రండి, అంత జనంలో సిగ్నల్ ఉండదు. దిండి నంబరు, దిండి పెద్ద ఫోను నంబరు, మీ ఇంటి నంబరు మరాఠీలో కాగితం మీద రాసి కవర్లో పెట్టి జాకెట్టుకి పిన్ను చేసుకోండి. తప్పిపోతే "మావులీ" (అమ్మా) అని ఎవరిని పిలిచినా ఆగుతారు, అక్కడ అందరూ అందరికీ మావులీలే, నంబరు చూపిస్తే రథం ముందో వెనకో చెప్తారు.

పండరిలో ఏకాదశి నాడు పాదస్పర్శ దర్శనానికి క్యూ ఒక రోజంతా పట్టొచ్చు. అన్ని రోజులు నడిచిన కాళ్లతో ఆ క్యూలో నిలబడటం మీకు నేను చెప్పను. చంద్రభాగలో స్నానం, గుడి ముందున్న నామ్‌దేవ్ పాయరీ (మెట్టు) దగ్గర దండం, గోపురం మీది కలశ దర్శనం. చాలామంది వార్కరీలు అంతే చేసి తిరుగుతారు, వారీ పూర్తయినట్టే. లేదంటే పున్నమి దాకా ఉండి జనం తగ్గాక వెళ్లండి. తిరిగి వచ్చేటప్పుడు బస్టాండు, స్టేషను రెండూ కిక్కిరిసి ఉంటాయి, మీవైపు ప్రత్యేక రైళ్లు వేస్తారు కానీ ఏకాదశి రాత్రే ఎక్కాలని చూడకండి.

గోదారిగట్టు

నేను మూడేళ్లు చెప్పులు లేకుండానే నడిచాను, ఏమీ కాలేదు. విఠోబా మీద నమ్మకం ఉండాలి.

కిన్వట్ సిస్టర్

అన్నా, మీ నమ్మకానికి దండం. మీ కాలికి ముల్లు గుచ్చుకుంటే మీకు తెలుస్తుంది, ఆ అక్కకి తెలియకపోవచ్చు, తేడా అదొక్కటే. దయచేసి షుగరున్నవాళ్లకి ఈ మాట చెప్పకండి.

ధర్మాబాద్ టైలరమ్మ

అందరికీ పేరుపేరునా దండాలు. మూడు వారాల తర్వాత రాస్తున్నా. డాక్టరుకి చూపించాను, సన్నటి తీగలాంటిది పెట్టి పాదమంతా గుచ్చి చూశారు. ఎడమ పాదం బొటనవేలి కింద ఒక్కచోట స్పర్శ తక్కువుందట, నడవొచ్చన్నారు కానీ సిస్టర్ చెప్పినట్టే ఒట్టి కాళ్లు వద్దన్నారు. కాగితం మీద రాయించుకుని వచ్చి అత్తయ్యకి చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు, తర్వాత తనే అద్దం తెచ్చి ఇచ్చింది.

మొన్న శనివారం ఇద్దరం బాసర నడిచాం. చేరాక షూ విప్పి చూస్తే చిటికెన వేలి పైన సన్నటి ఎర్ర గీత. షూ వల్ల అనుకున్నా కానీ సాక్స్ తిరగేసి చూస్తే సరిగ్గా అక్కడే లోపలి కుట్టు, దారం మందంగా ముడిపడి ఉంది. ఆదివారం సాక్స్ తిరగేసి, కుట్టు బయటికి వచ్చేలా తొడుక్కుని ఎనిమిది కిలోమీటర్లు నడిచాను, గీత పెరగలేదు.

కిన్వట్ సిస్టర్

అలాగే తొడుక్కోండి అక్కా. ఆ ముడి కూడా కత్తిరించేయండి.