ఎర్ర విషపు కప్పల్లో ఆడవాటి లెక్క తేలడం లేదు

కోస్టారికాలో కరీబియన్ తీరం వైపు పల్లపు వర్షారణ్యంలో స్ట్రాబెర్రీ పాయిజన్ ఫ్రాగ్‌లను లెక్కిస్తున్నాను. ఎర్ర ఒళ్లు, నీలి కాళ్లు, సుమారు రెండు సెంటీమీటర్ల పొడవు. 10 మీటర్ల పొడవు, వెడల్పు ఉన్న చోటు. ఉదయం 6 నుంచి 8 వరకు, వరసగా 12 రోజులు.

మగవాటితో ఇబ్బంది లేదు. ఒక్కోటి తన చోటు వదలదు, అదే దుంగ ఎక్కి అరుస్తూనే ఉంటుంది. రోజూ 7 లేదా 8 వస్తున్నాయి. తంటా అంతా ఆడవాటితోనే. అవి అలా అరవవు. బ్రొమీలియాడ్ (అనాస కుటుంబపు మొక్క) ఆకుల మొదట్లో నిలిచిన నీళ్లలో ఉన్న తోకకప్పలకు తమ గుడ్లే మేతగా పెట్టడానికి తిరుగుతుంటాయి. వాన పడ్డ మర్నాడు 11 కనిపిస్తే, ఎండగా ఉన్న రోజు 2.

వీపు ఫొటోలతో గుర్తుపడదామని చూశాను. మచ్చలు మరీ సన్నం, పైగా తడి ఒంటి మీద ఫ్లాష్ మెరుపు. సగం ఫొటోలు పనికిరాలేదు. మగవాటి సంఖ్యను రెట్టింపు చేద్దామా అంటే, ఆడా మగా సమానంగా ఉన్నాయని నమ్మకమేంటి? గుర్తు కోసం కప్పల వేళ్ల కొసలు కత్తిరించే పద్ధతికి నాకు మనసొప్పదు.

కప్ప ఒంటికి ఏ గుర్తూ పెట్టకుండా, వాన వల్ల వచ్చే తేడాను కూడా కలుపుకుని ఆడవాటి సంఖ్య అంచనా వేయడానికి మీరు స్వయంగా వాడిన పద్ధతి ఏది?