ఒత్తిడికి లొంగి లంచం ఇచ్చినవారిపైనా కేసు పెడతారా? ఏసీబీ నోటీసు వచ్చింది, దయచేసి సలహా ఇవ్వండి

గాజువాక కాంట్రాక్టరు:
అందరికీ నమస్కారం. నేను గాజువాకలో ఉంటూ విద్యుత్తు పనులు చేయించే చిన్న కాంట్రాక్టరును. ఒక ప్రభుత్వ కార్యాలయానికి వైరింగు పని పూర్తి చేసి, కొలతలన్నీ ఎం-బుక్కులో (చేసిన పని కొలతలు నమోదు చేసే పుస్తకం) ఎక్కిన తరువాత కూడా నాలుగు నెలల పాటు నా బిల్లు కదలలేదు. కూలీలకు అప్పు తెచ్చి జీతాలు ఇస్తున్న రోజులవి. చివరికి అక్కడి ఇంజనీరు తన సహాయకుడితో రూ.20,000 అడిగించగా, వేరే దారి తోచక ఇచ్చాను. వారంలో బిల్లు మంజూరైంది. ఇది జరిగి ఏడు నెలలైంది. ఇటీవల మరో కాంట్రాక్టరు ఫిర్యాదుపై ఏసీబీ వారు ఆ ఇంజనీరును పట్టుకున్నప్పుడు, ఆయన బల్ల సొరుగులో దొరికిన కాగితంలో నా పేరు, దాని ఎదురుగా 20 అనే అంకె ఉన్నాయట. నిన్న నాకు నోటీసు అందింది. నా బిల్లు నాకు రావడానికే కదా ఇచ్చాను, నేనూ ముద్దాయినేనా? సహాయకుడు డబ్బు అడిగిన ఫోను సంభాషణ నా దగ్గర రికార్డయి ఉంది.

ఎంవీపీ కాలనీ వాసి:
మీరు కంగారు పడకండి. 2011లో మా బావగారికి ఇలాంటి పరిస్థితే వస్తే వాంగ్మూలం ఇచ్చి వచ్చారు, ఆయనపై ఏ కేసూ పెట్టలేదు. ఇచ్చినవారు సాక్షులే అవుతారు. వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పేయండి.

సీతమ్మధార న్యాయవాది:
పై సలహా మంచి మనసుతో ఇచ్చినదే అయినా ఈనాటి చట్టానికి అది సరిపోదు, దానిని నమ్మి వెళితే నష్టం జరగవచ్చు. 1988 నాటి అవినీతి నిరోధక చట్టంలోని 24వ సెక్షను ప్రకారం, లంచం ఇచ్చానని విచారణలో చెప్పిన మాట ఆధారంగా ఆ వ్యక్తిని శిక్షించడానికి వీలుండేది కాదు. 2018 సవరణలో ఆ సెక్షనును తొలగించారు. ఆ సంవత్సరం జూలై 26 నుంచి లంచం ఇవ్వడం 8వ సెక్షను కింద దానికదే ప్రత్యేక నేరం. 7 సంవత్సరాల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

ఆ సెక్షనులోనే ఒక రక్షణ కూడా ఉంది. బలవంతం మీద ఇచ్చినవారు, ఇచ్చిన 7 రోజుల లోపల పోలీసులకు గాని దర్యాప్తు సంస్థకు గాని తెలియజేస్తే వారికి ఆ సెక్షను వర్తించదు. ముందుగానే అధికారులకు చెప్పి, వారికి సహకరిస్తూ డబ్బు ఇచ్చినవారికీ వర్తించదు. మీ విషయంలో 7 రోజుల గడువు ఎప్పుడో దాటింది. ఈ మాట రాయడానికి నాకు బాధగానే ఉంది, ఎందుకంటే ఆ నిబంధన ఉందని మన ఊళ్లో బిల్లుల కోసం తిరిగే చాలామందికి తెలియనే తెలియదు. ఇప్పుడు ఎవరైనా పాత తేదీ వేసి ఒక ఫిర్యాదు సృష్టించమంటే ఆ పని మాత్రం చేయకండి. ఉన్న చిక్కుకు తోడు దొంగ పత్రం నేరం కూడా మీ మెడకు చుట్టుకుంటుంది.

అయినంత మాత్రాన మీకు వాదన లేదని కాదు. 8వ సెక్షను ప్రకారం, ఉద్యోగి తన విధిని అక్రమంగా నిర్వహించేలా ప్రేరేపించాలనే, లేదా అలా నిర్వహించినందుకు ప్రతిఫలం ఇవ్వాలనే ఉద్దేశం ఇచ్చినవారికి ఉండాలి. కొలతలు పూర్తయి, న్యాయంగా రావలసిన బిల్లును ఆపి ఉంచితే దానిని విడిపించుకోవడానికి ఇచ్చిన డబ్బులో అలాంటి ఉద్దేశం లేదని గట్టిగా వాదించవచ్చు. అందుకు ఎం-బుక్కు నకలు, బిల్లు సమర్పించిన తేదీ, మీరు రాసిన జ్ఞాపిక లేఖలు చాలా విలువైనవి. ఇక సొరుగులో దొరికిన కాగితం విషయానికి వస్తే, హవాలా డైరీల కేసులో 1998లో సుప్రీంకోర్టు విడి కాగితాలు లెక్కల పుస్తకాలు కావనీ, పుస్తకాల్లోని పద్దులైనా ఇతర ఆధారం లేకుండా వాటంతటవే ఒకరిని బాధ్యులను చేయలేవనీ తేల్చింది. అందువల్ల మీ నోటితో మీరు చెప్పబోయేదే ఈ కేసులో అన్నిటికన్నా బరువైన ఆధారం అయ్యే అవకాశం ఉంది. న్యాయవాదితో కూర్చుని మాట్లాడకుండా వెళ్లవద్దని అందుకే అంటున్నాను.

నోటీసు ఏ సెక్షను కింద ఇచ్చారో చూసి చెప్పండి. నేర విచారణ పద్ధతులు చెప్పే చట్టమైన నాగరిక్ సురక్షా సంహితలో 179 అయితే సాక్షిగా పిలుస్తున్నారని, 35(3) అయితే అనుమానితునిగా పిలుస్తున్నారని అర్థం.

విశ్రాంత ఉద్యోగి, అక్కయ్యపాలెం:
ఉద్యోగంలో ఉండగా నన్ను ఒక ట్రాప్‌కు (లంచం తీసుకుంటుండగా పట్టుకునే వలకు) మధ్యవర్తిగా, అంటే జరిగేది చూసే సాక్షిగా పంపారు. ముందుగా నోట్ల నంబర్లన్నీ నాతో చదివించి రాశారు, తరువాత వాటికి ఫినాల్ఫ్తలీన్ పొడి అద్దారు. డబ్బు చేతులు మారాక ఆ ఉద్యోగి వేళ్లను సోడియం కార్బొనేట్ నీటిలో ముంచమన్నారు. నీళ్లు గులాబీ రంగుకు తిరిగిన క్షణాన ఆయన తల వంచుకుని నిలబడిన తీరు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ఆ నీటిని సీసాలో పోసి సీలు వేసి, దానిపై మా సంతకాలు తీసుకున్నారు. ఇదంతా చూశాక, కోర్టులో మాత్రం న్యాయవాదిగారు నన్ను రంగు గురించి దాదాపు ఏమీ అడగలేదు. డబ్బు కావాలని ఉద్యోగి అడిగిన మాట మీ చెవులతో విన్నారా అన్న ఒక్క ప్రశ్న చుట్టూనే గంటసేపు తిప్పారు.

సీతమ్మధార న్యాయవాది:
పెద్దలు చెప్పినది ఈ కేసులకు ఆయువుపట్టు. డిమాండు రుజువు కాకుండా నోట్లు దొరికినంత మాత్రాన నేరం నిలబడదని 2014లో మన రాష్ట్రం నుంచే వెళ్లిన బి. జయరాజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2022 డిసెంబరులో నీరజ్ దత్తా కేసులో రాజ్యాంగ ధర్మాసనం కూడా డిమాండు, స్వీకరణ తప్పనిసరిగా రుజువు కావాలన్నది. అయితే ఫిర్యాదుదారు మరణించినా, ఎదురు తిరిగినా, పరిస్థితుల సాక్ష్యంతో వాటిని రుజువు చేయవచ్చని కూడా స్పష్టం చేసింది. కాబట్టి మీ ఫోను రికార్డు మీ మీద బలవంతం జరిగిందనడానికే కాకుండా ప్రాసిక్యూషనుకు కూడా కావలసిన వస్తువు. దానిని కత్తిరించవద్దు, ఫోను మార్చవద్దు, ఎవరికీ పంపవద్దు. సాక్ష్యాలకు సంబంధించిన చట్టమైన సాక్ష్య అధినియమ్ 63వ సెక్షను ప్రకారం ధ్రువపత్రంతో సమర్పించవలసి ఉంటుంది. మీ సాక్ష్యం వారికి నిజంగా అవసరమైతే, అవినీతి నిరోధక చట్టం 5వ సెక్షను కింద ప్రత్యేక న్యాయమూర్తి క్షమాభిక్ష ఇచ్చి మిమ్మల్ని అప్రూవరుగా (నేరంలో పాలున్నా ప్రాసిక్యూషను తరఫున చెప్పే సాక్షిగా) తీసుకునే దారి కూడా ఉంది.

గాజువాక కాంట్రాక్టరు:
అందరికీ కృతజ్ఞతలు. నోటీసులో 179 అనే ఉంది. సోమవారం ఉదయం రమ్మన్నారు.

సీతమ్మధార న్యాయవాది:
అయితే తప్పకుండా వెళ్లండి, కానీ సాక్షిగా పిలిచినవారిని తరువాత ముద్దాయిగా చేర్చకూడదన్న నియమం లేదని గుర్తుంచుకోండి. అడిగినవాటికి నిజమే చెప్పాలి. మిమ్మల్ని నేరారోపణకు గురిచేసే ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పనక్కరలేదని సురక్షా సంహిత 180వ సెక్షనులోనే ఉంది. వారు రాసుకున్న వాంగ్మూలం మీద మీరు సంతకం చేయకూడదని 181 చెబుతుంది, కాబట్టి చేయమంటే మర్యాదగా ఆ సెక్షను గుర్తు చేయండి. ఎం-బుక్కు నకలు, లేఖలు తీసుకుని ఆదివారం లోపల మీ న్యాయవాదిని కలవండి. ముందస్తు బెయిలు అవసరమా కాదా అన్నది కాగితాలు చూసి ఆయనే నిర్ణయించాలి.