‘రేరుమ్ నొవారుమ్’: కొత్త సంగతులా, విప్లవమా?

పోపు పదమూడవ లియో 1891 మే 15న వెలువరించిన లేఖ ‘రేరుమ్ నొవారుమ్’. యంత్రాల కాలపు కార్మికుల దుస్థితి మీద కతోలిక శ్రీసభ చేసిన న్యాయబోధలో దానిదే పెద్దపీట. పేరును ‘నూతన విషయాలు’ అని తెలుగు చేస్తే నిఘంటువు తప్పు పట్టదు. నా పేచీ అక్కడే.

ఇలాంటి లేఖలకు మొదటి మాటలే పేరవుతాయి, మనం పోతన పద్యాన్ని ‘అల వైకుంఠపురంబులో’ అన్నట్టు. ఆ రెండు మాటల్లో గజేంద్రుణ్ణి వెతికితే దొరుకుతాడా? ఇదీ అంతే. ‘రేరుమ్ నొవారుమ్’ షష్ఠీ విభక్తి, ‘కొత్తవాటి యొక్క’ అని. ఆ వాక్యంలోనే ‘కుపీదినె’ ఉంది, అంటే మోజు. పైగా ప్రాచీన రోములో ‘కొత్త సంగతులు’ అంటే ఉన్న పాలనను తలకిందులు చేయడం. రోము ప్రభుత్వాన్ని కూల్చడానికి కటిలీనా పన్నిన కుట్ర గురించి రాస్తూ రోమన్ చరిత్రకారుడు సాలుస్ట్, నియంత సుల్లా ఏలుబడిలో భూములు పోగొట్టుకున్న ఇటలీలోని ఎట్రూరియా జనం పేదరికంతో, అన్యాయపు కడుపుమంటతో ఈ ‘కొత్తవాటిని’ కోరారంటాడు.

లియో కూడా మొదటి వాక్యంలో ఆ మోజును చూసి కలవరపడి, ఆ వెంటనే దానికి కారణాలు చెబుతాడు: కొద్దిమంది దగ్గర పోగుపడిన సంపద, అసంఖ్యాకుల దారిద్ర్యం. సోషలిజాన్ని ఖండించి సొంత ఆస్తి హక్కును సమర్థించిన ఆయనే, కార్మికుల మెడ మీది కాడి బానిసత్వం కంటే పెద్దగా మెరుగు కాదని రాశాడు.

మనకు ‘కొత్త ఒక వింత, పాత ఒక రోత’. రోమువారికి కొత్తంటేనే గుండెదడ. అందుకే ‘విప్లవం’ అనాలంటాను. ఎదుటివారు ఒప్పుకోలేదు:

— ‘విప్లవం’ అంటే పోపుగారి చేతికి ఎర్రజెండా ఇచ్చినట్టుంటుందండీ!

— సంస్కృతంలో విప్లవమంటే ఉపద్రవం, అల్లకల్లోలం. దానికి దండ వేసింది మనం. పాత అర్థమే లాటిన్ మాటకు సరిపోతుంది. అయినా ఇప్పటి పాఠకుడి చెవిని కాదనలేను. ‘తిరుగుబాటు మోజు’ అందామా?

— మోజు చీరల మీద ఉంటుంది. భూమి పోయినవాడికి మోజేమిటి? ‘తహతహ’ అనండి. నిజానికి ఆ లేఖలో నన్ను పట్టి లాగేది పేరు కాదు, అందులో ఉదహరించిన యాకోబు పత్రిక 5:4. మన తెలుగు బైబిల్లో అది ‘మోసముగా బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నది’. ఊపిరి బిగపడతాం, ఏడుపు బిగపడతాం. కూలిని బిగపట్టడం ఎంత గట్టి ప్రయోగం! అక్కడ ‘వేతనం’ అని ఉంటే మొఱ్ఱ వినపడేది కాదు.

— తహతహ ఖాయం, మోజును వెనక్కి తీసుకుంటున్నాను. ఒక సందేహం: ఇస్తానన్నది ఇవ్వకపోతే బిగపట్టడం. తక్కువకే ఒప్పించి, ఆ తక్కువను సకాలంలో చేతిలో పెడితే?

— దానికీ అందులో జవాబుంది. ఏ బేరం కంటేనైనా ముందుది, పెద్దది ఒక సహజ న్యాయం ఉందట: పొదుపుగా బతికే పనివాడి పోషణకు చాలేంత కూలి ఉండాలి. గతిలేకో, ఇంకా పెద్ద కీడుకు భయపడో అంతకంటే తక్కువకు తలూపితే, అతను బలవంతానికీ అన్యాయానికీ గురైనట్టే అంటాడు లియో. అంటే ‘వాడే ఒప్పుకున్నాడు కదా’ అన్న యజమాని కూడా బిగపట్టినవాడే.