గ్రిప్పు వదిలినా రేజ్ తగ్గడం లేదు: 2012 నాటి ఆఫ్‌రోడ్ బండి, కార్బురేటర్ మార్చాలా?

లంకబండి:
అందరికీ నమస్కారం. నా దగ్గర 2012లో కొన్న 150 సీసీ ఆఫ్‌రోడ్ బండి ఉంది. కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే భాగం) ఉన్న బండే, యాక్సిలరేటర్‌కు ఒకే కేబుల్. మాది రాజోలు దగ్గర పల్లె కాబట్టి అది రోజూ రొయ్యల చెరువుల గట్ల మీద, పుంతల్లో తిరుగుతుంది. నెలకు రెండు మూడుసార్లు అంతర్వేది వైపు ఇసుకలోకి కూడా వెళుతుంది. పది రోజులుగా యాక్సిలరేటర్ పట్టేస్తోంది. మొన్న సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లను గోదావరి దాటించే పడవ) మీదికి ఎక్కిస్తూ, ముందు చక్రం పలక మీదికి చేరగానే గ్రిప్పు వదిలాను గానీ ఇంజను రేజ్ తగ్గలేదు. వెంటనే క్లచ్ పట్టి కిల్ స్విచ్ నొక్కాను కాబట్టి సరిపోయింది. లేకపోతే ఎదురుగా నిలిపి ఉన్న కొబ్బరికాయల ఆటోను గుద్దేవాడిని. మెకానిక్ కార్బురేటర్ విప్పి కడిగి, కేబుల్‌లో నూనె పోసి ఇచ్చారు. రెండు రోజులు బాగుండి మళ్ళీ మొదటికొచ్చింది. ఇప్పుడు కార్బురేటరే మార్చమంటున్నారు. ఈ బండికి విడిభాగాలు దొరకడమే గగనం కనుక, అంతదాకా వెళ్ళే ముందు ఏమేమి చూసుకోవాలో తెలిసినవారు చెప్పగలరని మనవి.

కాలువగట్టు మెకానిక్:
బాబూ, ముందు ఒక్క సంగతి తేల్చండి. మీరు చేయి వదిలినప్పుడు గ్రిప్పు తిరిగి వెనక్కి రావడం లేదా, లేక గ్రిప్పు వెనక్కి వచ్చేసినా ఇంజను చప్పుడు మాత్రమే తగ్గడం లేదా? ఈ రెండింటినీ మనవాళ్ళు "పట్టేసింది" అనే ఒక్క మాటతో చెబుతారు, కానీ వీటి కారణాలు వేరు. మొదటిదైతే గ్రిప్పు దగ్గరో, కేబుల్‌లోనో, కార్బురేటర్ మీద కేబుల్ తగిలించే చక్రం దగ్గరో ఏదో రాసుకుంటోందని అర్థం. రెండోదైతే కేబుల్ జోలికి వెళ్ళనక్కరలేదు. కార్బురేటర్‌కూ ఇంజనుకూ మధ్య ఉండే రబ్బరు గొట్టం పగిలి అక్కడ గాలి పీలుస్తూ ఉండవచ్చు, లేదా ఐడిలింగ్ (గ్రిప్పు తిప్పకుండా ఇంజను నిదానంగా నడవడం) స్క్రూ ఎక్కువగా బిగించి ఉండవచ్చు.

ఇది ఇంజను ఆపి చూడవలసిన పని. హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు తిప్పి గ్రిప్పును చివరిదాకా మెలిపెట్టి వదలండి, తరువాత నిటారుగా ఉంచి ఒకసారి, కుడికి తిప్పి ఇంకోసారి అలాగే చేయండి. మూడుసార్లూ టక్కుమని చప్పుడుతో మూసుకోవాలి. ఒక పక్క మూసుకుని ఇంకో పక్క మూసుకోకపోతే కేబుల్ వెళ్ళే దారిలో తప్పుంది. తరువాత బండిని స్టార్ట్ చేసి ఐడిలింగ్‌లో ఉంచి, గ్రిప్పు ముట్టుకోకుండా హ్యాండిల్ అటూ ఇటూ తిప్పండి. తిప్పినప్పుడు రేజ్ పెరిగితే కేబుల్‌కు వదులు చాలడం లేదన్నమాట. గ్రిప్పు అంచు దగ్గర ఆ వదులు సాధారణంగా 2 నుంచి 6 మిల్లీమీటర్లు ఉండాలి, బొటనవేలితో కదిపితేనే తెలిసిపోతుంది. ఇవేవీ తేలకపోతే కేబుల్‌ను కార్బురేటర్ దగ్గర విడదీసి, అక్కడి చక్రాన్ని వేలితో తిప్పి వదలండి. అది స్ప్రింగుతో చటుక్కున వెనక్కి వస్తే కార్బురేటర్‌లో దోషం లేనట్టే, మార్చవలసిన అవసరమూ లేదు.

కేబుల్‌లో పోసింది ఏ నూనె అన్నది కూడా చెప్పండి.

ఆర్‌ఎక్స్ అభిమాని:
నా యమహా ఆర్‌ఎక్స్ 100 బండికి ఇలాగే జరిగింది. కార్బురేటర్‌లోని స్లైడ్ (పైకి లేచి గాలి దారి తెరిచే ముక్క) పక్కన ఇసుక రేణువు ఇరుక్కుని స్లైడ్ పైనే ఆగిపోయేది. స్లైడ్ తీసి పెట్రోలుతో కడిగి, పక్కనున్న గాడి లోపలి పిన్నుకు సరిగ్గా కూర్చునేలా తిరిగి పెట్టాక నయమైంది. మీరూ అదే చూడండి.

కాలువగట్టు మెకానిక్:
ఆర్‌ఎక్స్‌కు మీరు చెప్పింది అక్షరాలా నిజం, ఎందుకంటే అందులో కేబుల్ నేరుగా స్లైడ్‌నే పైకి లాగుతుంది. ఇలాంటి నాలుగు స్ట్రోకుల బండ్లకు ఎక్కువగా వచ్చే సీవీ కార్బురేటర్‌లో అలా కాదు. కేబుల్ తిప్పేది లోపలి గుండ్రని పలకను, అంటే బటర్‌ఫ్లైని. స్లైడ్ పైకి లేచేది ఇంజను పీల్పుకు. అది పైన ఇరుక్కున్నా పలక మూసుకుంటే ఇంజను అరవదు, పికప్‌లో తేడా కనబడుతుందంతే. వారి బండిలో వెతకవలసింది పలక ఇరుసు దగ్గర, దాని స్ప్రింగు దగ్గర.

ఉప్పుగాలి:
మాది మొగల్తూరు పక్క, పేరుపాలెం తీరం దగ్గర. మా దగ్గర కేబుళ్ళకు ఆయుష్షు తక్కువ. ఉప్పుగాలికి లోపలి తీగ తుప్పు పడుతుంది, ఒకటి రెండు పోగులు తెగి ముళ్ళలా పైకి లేచి తొడుగు లోపల గీరుకుంటాయి. నూనె పోస్తే రెండు రోజులు జారి మళ్ళీ పడుతుంది. మీ లక్షణం అచ్చం అలాగే ఉంది. తీగ బయటికి కనిపించే రెండు కొసల దగ్గర టార్చి వేసి చూడండి, పోగులు అక్కడే ముందు తెగుతాయి. ఇంకొకటి, చేతులకు అడ్డుగా హ్యాండ్‌గార్డులు బిగించి ఉంటే, బండి ఎప్పుడైనా కుడి పక్కకు పడిందేమో గుర్తు చేసుకోండి. ఆ గార్డు లోపలికి జరిగి గ్రిప్పు కొసను నొక్కుతుంది. అక్కడ ఒకటి రెండు మిల్లీమీటర్ల ఖాళీ ఉండి తీరాలి.

కేబుల్‌లో గ్రీజు మాత్రం పెట్టకండి. అది ఇసుకను పట్టి ఉంచి కొన్నాళ్ళకు గట్టిపడుతుంది.

లంకబండి:
అన్నగార్లిద్దరికీ కృతజ్ఞతలు. పరీక్షలన్నీ చేశాను. గ్రిప్పే వెనక్కి రావడం లేదు. హ్యాండిల్ ఎడమకు తిప్పితే పూర్తిగా ఆగిపోతోంది, కుడికి తిప్పితే నెమ్మదిగా వస్తోంది. కేబుల్ విడదీశాక కార్బురేటర్ చక్రం మాత్రం టక్కుమని తిరుగుతోంది.

నూనె సంగతి అడిగారు కనుక చెప్పక తప్పదు. మెకానిక్ పోసింది ఇంజను ఆయిలే, కానీ ఆ తరువాత నేను ఇంట్లో ఉన్న కొబ్బరినూనె పోశాను. తెల్లవారుజామున చెరువుకు బయలుదేరేటప్పుడు మరీ బిగుసుకుంటోంది.

కాలువగట్టు మెకానిక్:
కోనసీమవాడు కొబ్బరినూనె పోయకుండా ఉండలేడని ఊహించే అడిగాను. 24 డిగ్రీల దగ్గర్లోనే గడ్డకట్టే నూనెను చలికాలపు తెల్లవారుజామున కేబుల్‌లో ఉంచితే అది కందెన కాదు, కొవ్వొత్తి. అయితే అసలు తప్పు అది కాదు. హ్యాండిల్ ఎడమకు తిప్పినప్పుడే ఆగుతోందంటే కేబుల్ ఎక్కడో నలుగుతోంది. ఈ మధ్య ట్యాంకు విప్పించారా?

లంకబండి:
విప్పించాము. మూడు వారాల క్రితం ట్యాంకు లోపల తుప్పు కడిగించాను. మీ ప్రశ్న చదివిన వెంటనే నేనే ట్యాంకు ఎత్తి చూశాను. కేబుల్ ఫ్రేము మీది క్లిప్పులో ఉండవలసింది పోయి, ట్యాంకు ముందరి రబ్బరుకూ ఫ్రేముకూ మధ్య చిక్కుకుని ఉంది. పైతొడుగు ఒకచోట చపాతీలా అణిగిపోయింది. లాగి చూస్తే లోపలి తీగలో నాలుగు పోగులు తెగి ఉన్నాయి.

పాత కేబుల్ చేతపట్టుకుని అమలాపురం వెళ్ళి, పక్కపక్కన పెట్టి పొడవూ కొసల గుండ్లూ సరిచూసి కొత్తది తెచ్చాను. దుకాణం ఆయన ముందు ఇచ్చినది రెండు అంగుళాలు పొట్టి. పాతది తీసుకెళ్ళకపోతే అదే తెచ్చేవాడిని. కొత్తదాన్ని క్లిప్పులో నుంచి పోనిచ్చి, వదులు 4 మిల్లీమీటర్లు ఉంచాను. కుడి హ్యాండ్‌గార్డు కూడా నిజంగానే గ్రిప్పుకు ఆనుకుని ఉంది, దాన్ని జరిపాను. గ్రిప్పు కింది గొట్టంలో చెంచాడు ఇసుక ఉంది. గుడ్డతో తుడిచి పొడిగానే వదిలేశాను.

ఇప్పుడు హ్యాండిల్ ఎటు తిప్పినా టక్కుమని మూసుకుంటోంది. అయితే బండి బాగా వేడెక్కాక, గ్రిప్పు మూసుకున్న తరువాత కూడా ఇంజను రేజ్ రెండు మూడు క్షణాలు నిలిచి దిగుతోంది. ఇది మీరు మొదట చెప్పిన రెండో రకమేనా?

కాలువగట్టు మెకానిక్:
అదే అయి ఉండాలి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఐడిలింగ్‌లో ఉంచి, కార్బురేటర్‌కూ ఇంజనుకూ మధ్య ఉన్న రబ్బరు గొట్టం చుట్టూ సీసాతో కొద్దిగా నీళ్ళు చిమ్మండి. చప్పుడు మారిన చోటే పగులు ఉంటుంది. పెట్రోలుతో మాత్రం ఆ పరీక్ష చేయకండి.

లంకబండి:
కింది వైపు, క్లిప్పు పక్కనే సన్నని పగులు కనబడింది. నీళ్ళు తగలగానే చప్పుడు మారింది. గొట్టం కోసం భీమవరంలో చెప్పి వచ్చాను. అది వచ్చేదాకా పంటు ఎక్కేటప్పుడు ఇంజను ఆపి, బండిని చేత్తో తోసుకుని ఎక్కిస్తాను.